మూడో కుర్చీ

మా సంస్థ విశాఖపట్నం శివార్లలో ఉంది. సముద్రం వాసన వస్తుంది, సముద్రం మాత్రం కనపడదు. ఇక్కడ అయస్కాంత పదార్థాల మీద పెద్ద పరిశోధనలు జరుగుతాయి. నేను పరిశోధకురాలిని కాను, అనుమతుల విభాగంలో అధికారిణిని. ప్రకృతి తన రహస్యం చెప్పడానికి ఒప్పుకున్నా సరే, ఆ రహస్యం గేటు దాటాలంటే మా ముగ్గురి సంతకాలు కావాలి.

అప్పట్లో మాకో పొడుగు బల్ల, దాని ముందు వరసగా మూడు కుర్చీలు ఉండేవి. మొదటి కుర్చీ ఆచార్యులు గారిది. వచ్చే ఏడు రిటైరవుతారు, అందాకా ఎవరి మనసూ నొప్పించకూడదని ఒట్టు పెట్టుకున్న మనిషి. చివరి కుర్చీ మరిడేశ్వరరావుది. చీపురుపల్లి వైపు నుంచి వచ్చాడు, గొంతు మాత్రం చీపురుపల్లి దాకా వినపడుతుంది. మధ్య కుర్చీ నాది.

ఫైలు వస్తే ఆచార్యులు గారు 'ఔను' అని రాసేవారు. ఆయన్ని చూసి నేను, నన్ను చూసి మరిడేశ్వరరావు. దీనివల్ల ఇన్నాళ్ళూ ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. అదే అనుమానాస్పదంగా ఉందని ఆడిట్ వారు రాసి వెళ్ళారు. పక్కపక్కన కూర్చున్న ముగ్గురు ప్రతిసారీ ఒకే మాట అంటున్నారంటే, ఎవరూ సొంతంగా ఆలోచించడం లేదన్నమాట.

మా రిజిస్ట్రారు త్రివిక్రమరావు గారికి విమర్శ అంటే ప్రాణం. విమర్శ వస్తేనే కదా సర్క్యులరు రాయడానికి వీలయ్యేది. మర్నాడే వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఇకమీదట పక్కపక్క కుర్చీలయందు ఆసీనులైన ఏ ఇద్దరు అధికారులును ఒకే ఫైలుపై ఒకే అభిప్రాయము కలిగియుండరాదు. తన అభిప్రాయము పక్కవారి అభిప్రాయముతో కలిసినట్లు గమనించిన అధికారి తక్షణమే దానిని మార్చుకొనవలెను. ఉద్దేశపూర్వకముగా ఏకీభవించిన వారిని విచారణకు ముందే సస్పెండ్ చేసే అధికారము రిజిస్ట్రారుకు గలదు. ఫైలుపై చివరి సంతకమే సంస్థ నిర్ణయము."

మరిడేశ్వరరావు రెండుసార్లు చదివాడు. "ఏటండీ సువర్చల గారూ ఇది? మనం దెబ్బలాడుకోవాలని జీతమిస్తన్నారా?"

"ఇంట్లో ఉచితంగా చేస్తున్నాం కదా, ఇక్కడ జీతం తీసుకుని చేద్దాం" అన్నాను.

ఏమాటకామాటే చెప్పాలి, ఆ ఏర్పాటు బాగానే సాగింది. ఆచార్యులు గారు 'ఔను' అంటే నేను 'కాదు' అనేదాన్ని, మరిడేశ్వరరావు 'ఔను' అనేవాడు. చివరి సంతకం అతనిదే కాబట్టి పని జరిగిపోయేది. ఇబ్బందల్లా ఒకటే. మధ్యలో ఉన్నదాన్ని కనుక మంచి పనులన్నీ నేనే కాదనాల్సి వచ్చేది. ఊడ్చేవాళ్ళకి రెయిన్‌కోట్లు కాదన్నాను. పరిశోధక విద్యార్థినుల హాస్టలుకి గీజరు కాదన్నాను. రిజిస్ట్రారు గారి గదికి రెండో ఏసీ పొరపాటున ఔనన్నాను, మిగతా ఇద్దరూ కాదని మార్చుకోవాల్సి వచ్చి అది ఆగిపోయింది. జనం త్వరలోనే కిటుకు పట్టేశారు. హాస్టలు పిల్లలు స్వీట్ల పెట్టెతో వచ్చి, "మేడమ్, మీరు కాదన్నారట, చల్లగా ఉండండి" అని నోట్లో లడ్డూ పెట్టి వెళ్ళారు.

ఇలాగే జరిగిపోయేదేమో, ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన రాకపోతే.

ఆ రోజుల్లో ఢిల్లీలో ఎవరు ఏం మాట్లాడినా మధ్యలో 'క్వాంటం' అనేవారు. ఆయన మా దగ్గర క్వాంటం ఎక్కడుందో స్వయంగా చూడటానికి వచ్చారు. రిజిస్ట్రారు గారు ఆయన్ని దమయంతి ప్రయోగశాలకి తీసుకువెళ్ళారు. ఫైళ్ళు మోసే నెపంతో మేమూ వెళ్ళాం.

బొడ్డేపల్లి దమయంతి టెక్కలి పిల్ల. పీహెచ్‌డీ చేస్తోంది. రెండేళ్ళుగా కొలిమి పక్కన కూర్చుని ఒక స్ఫటికాన్ని పెంచింది. పెసరగింజంత ఉంటుంది, పెసరగింజ రంగులోనే ఉంటుంది. దాన్ని దూదిలో పెట్టి, దూదిని డబ్బీలో పెట్టి, డబ్బీని చున్నీ కొంగున కట్టుకుని తిరిగేది. కంప్యూటరు తెర మీద దాని లోపలి బొమ్మ చూపించింది. ఎటు చూసినా త్రిభుజాలే, సంక్రాంతి లేని రోజుల్లో కూడా ముగ్గులా ఉంది.

"ఈ చుక్కల దగ్గర ఒక్కో అణువుందండి. ఒక్కోటీ ఒక బుల్లి అయస్కాంతం" అంది దమయంతి. "పక్కదాని ముఖం పైకుంటే ఇది కిందకి పెట్టుకోవాలని చూస్తాదండి. ఎదురెదురుగా ఉంటేనే వాటికి సుఖం. గళ్ళల్లో అమరిస్తే గొడవ లేదు. త్రిభుజంలో అమరిస్తేనే వస్తాది సిక్కు. ఒకటి పైకి, రెండోది కిందకి, మరి మూడోది ఎటు తిరగాలండీ? ఎటు తిరిగినా ఒకరితో కలిసిపోతాది. అందుకని ఎంత చలిలో పెట్టినా ఇవి స్థిమితపడవు. ఊగుతానే ఉంటాయి. ఆ ఊగులాటే నేను చూడాలి. దానికి న్యూట్రాన్లతో తట్టాలండి, ఆ యంత్రం మన దగ్గర లేదు. జపాన్‌లో ఒక వారం ఇచ్చారు నాకు. ఆ వారం తప్పితే మళ్ళీ ఎప్పుడిస్తారో. ఈలోగా నా ఫెలోషిప్పు అయిపోతాది."

పెద్దాయన తెర నుంచి కళ్ళు తిప్పలేదు. "త్రిభుజాలు!" అన్నారు. "అద్భుతం! రిజిస్ట్రారు గారూ, ఇంతటి దృక్పథం మీ కార్యాలయంలో ఎందుకు ప్రతిఫలించడం లేదు?"

"ప్రతిఫలిస్తుందండి" అన్నారు త్రివిక్రమరావు గారు.

"అయ్యా, వీటికి స్థిమితం ఉండదని చెప్తన్నానండి" అంది దమయంతి. అప్పటికే అందరూ టీకి బయల్దేరారు.

పది రోజుల్లో మా పొడుగు బల్ల లారీ ఎక్కేసింది. దాని స్థానంలో మూడు మూలల బల్ల వచ్చింది. మూలకొక కుర్చీ. ఇప్పుడు నాకు అటు ఆచార్యులు గారు, ఇటు మరిడేశ్వరరావు. వాళ్ళిద్దరూ కూడా ఒకరికొకరు పక్కవారే.

ఆ బల్ల మీదకి వచ్చిన మొదటి ఫైలు అటెండర్లకి గొడుగులు. ఆచార్యులు గారు అలవాటు చొప్పున 'ఔను' అన్నారు. నేను 'కాదు' అన్నాను. మరిడేశ్వరరావు నన్ను చూసి 'ఔను' అని రాసి, తలెత్తి అటుపక్క ఆచార్యులు గారిని చూసి నాలిక్కరుచుకున్నాడు.

"ఆచార్లు గారూ, మనిద్దరిదీ ఒకే మాటయిపోనాది."

"శివశివా" అని ఆచార్యులు గారు తనది 'కాదు' అని మార్చారు. వైష్ణవుడాయన, కంగారులో ఏ దేవుణ్ణి పిలుస్తున్నారో చూసుకోలేదు. ఆయనా నేనూ కలిసిపోయాం కాబట్టి నేను 'ఔను' అని మార్చాను. దాంతో నేనూ మరిడేశ్వరరావూ కలిసిపోయాం. అతను మార్చాడు. ఆచార్యులు గారి దగ్గరికొచ్చింది. ఆయన మార్చారు. సాయంత్రం బస్సు వేళకి ఆ ఫైలు కాగితంలో చోటు చాలక అంచుల మీదా, అట్ట మీదా రాస్తున్నాం. వానాకాలం వచ్చింది, వెళ్ళింది. గొడుగులు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

నాకు ఇది కొత్త కాదు. మా ఇంట్లో ముగ్గురం. మా అత్తగారు వంకాయ అంటే మావారు బెండకాయ అంటారు. తల్లీకొడుకులు ఒక్క కూర మీద ఏకీభవించడం నేను పెళ్ళయి వచ్చాక చూడలేదు. నేను వంకాయంటే ఆయన ముఖం, బెండకాయంటే ఆవిడ ముఖం మాడిపోతాయి. మాడిన ముఖం చూసి నేను మాట మారుస్తాను, రెండో ముఖం మాడుతుంది. చివరికి పచ్చడి వేసుకు తింటాం. కాకపోతే ఇంట్లో దీనికి సర్క్యులరు లేదు.

రిజిస్ట్రారు గారికి మా బల్ల మీద జరుగుతున్న చలనం ఎంతో నచ్చింది. "మునుపు ఫైలు ఒక్కసారి చూసి వదిలేసేవారు. ఇప్పుడు ఒక్కో ఫైలు రోజుకి నలభైసార్లు పరిశీలింపబడుచున్నది" అని ఢిల్లీకి రాశారు. స్వతంత్ర ఆలోచన ఆఫీసుకే పరిమితం కాకూడదని క్యాంటీనుకి కూడా మూడు మూలల బల్లలు వేయించారు. పక్కపక్క వారు ఒకే టిఫిను తినరాదు. మా క్యాంటీనులో ఉండేవి రెండే, ఇడ్లీ, ఉప్మా.

"ఇడ్లీయా ఉప్మాయా, బేగి సెప్పండమ్మా, సాంబారు సల్లారిపోతంది" అని సింహాచలమ్మ గరిటె పట్టుకు నిలబడేది. ఆచార్యులు గారు ఇడ్లీ, మరిడేశ్వరరావు ఉప్మా. నేను ఖాళీ పళ్ళెంతో నిలబడేదాన్ని. హాలంతా బల్లకొకరు చొప్పున అలా నిలబడి ఉండేవాళ్ళం. కొందరు తెలివిగా, పక్కవాడు ఇడ్లీ పూర్తి చేసిన క్షణంలో ఇడ్లీ తెచ్చుకునేవారు. దాంతో ఉప్మా తింటున్నవాడికి ఏదో అనుమానం వచ్చి, అతనూ లేచేవాడు. పదకొండు దాటినా టిఫిను అయ్యేది కాదు. ఉద్యోగుల సంఘం వారు తినడానికి మూడో వస్తువు కావాలని ధర్నా చేశారు.

ధర్నా చూసి రిజిస్ట్రారు గారికి జ్ఞానోదయం అయింది. క్యాంటీనుకి పూరీ మంజూరు చేశారు. ఆఫీసుకి మూడో అభిప్రాయం మంజూరు చేశారు.

"త్రికోణ బల్లలయందు ఔను, కాదు అను అభిప్రాయములతో బాటు 'చూద్దాం' అను తృతీయ అభిప్రాయము ప్రవేశపెట్టడమైనది. ముగ్గురు ఆసీనులై ఉన్నచోట మాత్రమే ఇది చెల్లును."

ఆ రోజు మా విభాగంలో పండగ. ఆచార్యులు గారు 'ఔను', మరిడేశ్వరరావు 'కాదు', నేను 'చూద్దాం'. ఎవరూ ఎవరితోనూ కలవలేదు. మార్చాల్సిన పని లేదు. ఫైళ్ళన్నీ టపటపా ఆగిపోయాయి. గొడుగుల ఫైలు కూడా ఊగీ ఊగీ ఒక చోట పడుకుంది. పెండింగు సున్న. రిజిస్ట్రారు గారు కేకు కోశారు.

అందరికన్నా ముందు విషయం అర్థమైంది దమయంతికి. గేటు దగ్గర నుంచి తన జపాన్ ప్రయాణం ఫైలు పట్టుకుని తిన్నగా మా బల్ల దగ్గరికే వచ్చింది. వచ్చే సోమవారం ఆమె విమానం.

"మేడమ్, సెక్యూరిటీ ఆయన అడుగుతన్నారు, ఇందులో ఎల్లమన్నారా వద్దన్నారా అని. ఔను, కాదు, చూద్దాం. నేనేటి చెప్పాలి?"

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

"చివరి సంతకం ఎవరిదో చూసుకోమ్మా" అన్నారు ఆచార్యులు గారు నీళ్ళు నములుతూ.

"గుండ్రంగా కూర్చుంటే చివరెక్కడుంటాదండీ తాతగారూ?"

ఆచార్యులు గారు ముక్కుపొడుం డబ్బా కోసం జేబులన్నీ వెతుక్కున్నారు.

నేను దమయంతిని వెంటబెట్టుకుని రిజిస్ట్రారు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఫైలుని కొత్త కోడల్ని చూసినట్టు చూశారు.

"ఇది సంపూర్ణ సమతుల్య స్థితిలో ఉన్నది. మూడు పక్షములును తృప్తి చెందినవి. దీనిని కదపమని అడుగుతున్నావు. నీవు శాస్త్రవేత్తవు కావలసినదానవు, నీకు తగునా?"

"సార్, రెండేళ్ళు కొలిమి దగ్గర మాడిపోయాను సార్. సోమవారం విమానం."

"విమానము వేచియుండదు, నిజమే. కాని నిబంధన కూడా వేచియుండదు కదా" అన్నారు. దానికి అర్థమేమిటో ఆయన్ని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయనకీ లేదనుకుంటాను, వెంటనే ఫోను ఎత్తారు.

తిరిగొచ్చి దమయంతి నా కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. అది నవ్వడం మొదలుపెట్టింది. డబ్బీ తీసి ఆ పెసరగింజ వంక చూసి, మా వంక చూసి, మళ్ళీ నవ్వింది.

"నేను జపాన్ ఎల్లడం ఎందుకు మేడమ్. మీ ముగ్గుర్నీ కొలిస్తే సరిపోతాది."

"నీ గింజలో ఇలాంటి చిక్కు వస్తే ఏం చేస్తారే?" అన్నాను.

"ఏం చెయ్యక్కర్లేదండి. ఎక్కడైనా ఒక అణువు ఊడిపోయి ఖాళీ ఉంటాది కదా, ఆ త్రిభుజంలో మిగిలిన రెండూ హాయిగా ఎదురెదురు తిరిగి కూర్చుంటాయి. తగువంతా మూడోదాని వల్లే."

మూడోదాన్ని నేను.

సెలవు పెడదామనుకున్నాను. మా విభాగం సెలవులు మా బల్ల మీదే తేలాలి. ఆచార్యులు గారు 'ఔను' అన్నారు, మరిడేశ్వరరావు 'కాదు' అన్నాడు, నా సెలవు మీద నేనే 'చూద్దాం' అని రాసుకున్నాను. జ్వరం తెచ్చుకుందామంటే ఆ ఉక్కలో చెమట తప్ప ఏమీ పట్టలేదు. శుక్రవారం వచ్చేసింది. ఇక మా సంస్థలో ముగ్గురి అభిప్రాయంతో పని లేకుండా జరిగే కార్యం ఒక్కటే మిగిలింది. అది మొదటి సర్క్యులరులోనే ఉంది.

దమయంతి ఫైలు ముందుకి లాక్కున్నాను. నా 'చూద్దాం' కొట్టేశాను. ఆచార్యులు గారి 'ఔను' కింద, గుండ్రటి అక్షరాలతో రాశాను: "ఔను. ఆచార్యులు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను."

మరిడేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "సువర్చల గారూ! ఏటి రాసేసారండీ!"

"అమ్మా, తుడిచెయ్యి, ఎవరూ చూడలేదు" అన్నారు ఆచార్యులు గారు.

నేను ఫైలు పట్టుకువెళ్ళి రిజిస్ట్రారు గారికి చూపించాను. పాపం, ఎన్నాళ్ళుగానో ఒక్క నిర్ణయమైనా తీసుకోలేకపోయిన మనిషి. ఆయన ముఖం పెళ్ళిపందిరిలా వెలిగింది. నేను మా గదికి నడిచి వచ్చేలోపు సస్పెన్షన్ ఉత్తర్వు నాకన్నా ముందు వచ్చి నా కుర్చీలో ఉంది.

బీరువా తాళాలు బల్ల మీద పెట్టి, టిఫిను డబ్బా, గొడుగు తీసుకుని గుమ్మం అవతల నిలబడ్డాను. లోపలికి రాకూడదు కానీ చూడకూడదని ఉత్తర్వులో లేదు. దమయంతి నా పక్కన డబ్బీ గుప్పెట్లో పట్టుకుని నిలబడింది.

ఆచార్యులు గారు ఫైలు ముందు కూర్చున్నారు. నా కుర్చీ ఖాళీ, నా రాత మాత్రం ఆయన రాత కిందే ఉంది. కలిసింది కాబట్టి ఆయన తనది మార్చుకోవాలి. ఇద్దరే మిగిలారు కనుక 'చూద్దాం' చెల్లదు. ఇక మిగిలింది ఒక్క మాట.

"నావల్ల కాదు" అన్నారాయన. "చిన్నపిల్ల ఎదురుగా నిలబడి ఉంటే కాదని ఎలా రాయను? నా సర్వీసులో మొదట ఔననే రాశాను తప్ప..."

"ఆచార్లు గారూ, కాదనండి బాబూ, మీకు దండం పెడతాను" అన్నాడు మరిడేశ్వరరావు. "మీరు కాదంటేనే గదా నాను ఔననేది!"

"తాతగారూ, నన్ను కాదనండి, ప్లీజ్!" అని గుమ్మంలోంచి అరిచింది దమయంతి.

ఆచార్యులు గారు కళ్ళు మూసుకున్నారు. ఈసారి సరైన దేవుణ్ణే తలచుకుని, కళ్ళు మూసుకునే 'కాదు' అని రాశారు. మరిడేశ్వరరావు ఫైలు లాక్కున్నాడు. ఆచార్యులు గారిదీ కాదు, తనదీ కాదు. "అయ్యయ్యో, కలిసిపోనాం" అని వరండా అంతా వినపడేలా అని, తనది కొట్టేసి 'ఔను' రాశాడు, సంతకం చేశాడు. అలవాటుగా ఫైలుని నా వైపు తోశాడు.

నా కుర్చీ ఖాళీ. ఫైలు అక్కడే ఆగిపోయింది. చివరి సంతకం అతనిది.

దమయంతి నన్ను వాటేసుకుంది. తర్వాత లోపలికి పరుగెత్తి ఆచార్యులు గారి కాళ్ళకి దండం పెట్టి, "కాదన్నందుకు చచ్చేవరకూ మర్చిపోనండి" అంది. ఆయన పైకండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

నేను ఇంటికొచ్చేశాను. ఆ తర్వాతి సంగతులు మరిడేశ్వరరావు ఫోనులో చెబుతూ ఉంటాడు. ఫోను లేకపోయినా వినపడేవేమో. మా బల్ల మీద ఫైళ్ళు కదులుతున్నాయని తెలిసి సంస్థంతా మా గది ముందు వరస కట్టిందట. అటెండర్లకి గొడుగులొచ్చాయి. అది చూసి రిజిస్ట్రారు గారు 'రిక్త ఆసన విధానము' అని కొత్త సర్క్యులరు ఇచ్చారు. ప్రతి బల్లకూ ఒకరు తప్పనిసరిగా సస్పెండ్ కావలెను. ఎవరవ్వాలో తేలక, వరండాల్లో ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, "నేనూ అదే అంటున్నాను!" "మీరన్నది అక్షరాలా నిజం!" అని కేకలు పెట్టుకుంటున్నారట. చాలా ఏళ్ళ తర్వాత మా ఆఫీసులో ఇంత సఖ్యత నెలకొందని ఆచార్యులు గారు సంతోషించారట.

నా మీద విచారణ ఫైలు మాత్రం పక్క భవనంలో ముగ్గురూ ఉన్న బల్ల మీద పడింది. తప్పు చేసింది, చెయ్యలేదు, చూద్దాం. సంపూర్ణ సమతుల్య స్థితి.

నిన్న పొద్దున్న వంటింట్లో ముగ్గురం కూర్చున్నాం. మధ్యలో కూరల బుట్ట.

"వంకాయ" అన్నారు మా అత్తగారు.

"బెండకాయ" అన్నారు మావారు.

ఇద్దరూ నావైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోపు ఫోను మోగింది. ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళాను. దమయంతి. అక్కడ చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి.

"మేడమ్! కనపడ్డాదండి! ఆ చలిలో కూడా నా గింజ ఊగుతానే ఉంది. న్యూట్రాన్‌తో ఒక్క చోట తట్టాం. ఆ తట్టు ఒక్కటిగా ఉండలేదండి. రెండు సగాలయిపోయి, ఒకటి అటు, ఒకటి ఇటు, దేని దారిన అది పోయినాయి. మళ్ళీ కలవలేదు!"

"మంచిదే తల్లీ" అన్నాను. "నాదీ అంతే. ఒక సగం నీతో అక్కడికొచ్చింది, రెండో సగం పక్క భవనంలో బల్ల మీద ఉంది."

అది నవ్వుతూ ఏదో అంది, లైను పోయింది. నేను మునగచెట్టు దగ్గర కాసేపు నిలబడి లోపలికి వచ్చాను.

మావారు కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నారు. మా అత్తగారు పోపుకి ఆవాలు తీస్తున్నారు. ఇద్దరూ ఏదో పాత సంగతి చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

నేను గుమ్మంలోనే ఆగి, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయాను.